బీపీ మిషన్ కొనేముందు జబ్బ కొలుచుకోండి: బరంపురం, పర్లాకిమిడి వైపు ఇళ్ళ కోసం ఒక సమీక్ష

జబ్బకు పట్టీ చుట్టి బటన్ నొక్కితే అంకెలు చూపించే బీపీ మిషన్ ఇప్పుడు బరంపురం మందుల షాపుల్లోనే కాదు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం బజార్లలోనూ దొరుకుతోంది. మామూలు మోడలు సుమారు 1,500 నుంచి 2,500 రూపాయల మధ్య వస్తుంది. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు. ఆ ధరలో వచ్చే మిషన్లు పనిచేసే తీరు ఒకటే, తప్పు చూపించే తీరూ దాదాపు ఒకటే. ఇంట్లో బీపీ ఉన్న మనిషి ఉంటే తప్పకుండా కొనదగ్గ వస్తువు. కాకపోతే షాపులో అందరూ అడిగేది తెర ఎంత పెద్దది, ఎన్ని రీడింగులు గుర్తుంచుకుంటుంది, బ్లూటూత్ ఉందా అని. అడగాల్సింది పట్టీ గురించి. పట్టీ జబ్బకు సరిపోకపోతే ఎంత ఖరీదైన మిషనైనా తప్పుడు అంకే చూపిస్తుంది. ఆ అంకెను చూసే డాక్టరు మాత్ర పెంచుతారు, లేదా తగ్గిస్తారు.

అసలు ఇంట్లో మిషన్ ఎందుకు? రక్తపోటు పెరిగినా చాలామందికి ఏమీ తెలియదు. తలనొప్పి వస్తేనో తల తిరిగితేనో బీపీ అనుకోవడం మన ఊళ్ళలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. పై అంకె 160 ఉన్న మనిషి పొద్దంతా పొలంలో హాయిగా పని చేసుకోగలడు. లోపల మాత్రం గుండె, మెదడు, మూత్రపిండాలు, కంట్లోని సన్నని రక్తనాళాలు దెబ్బ తింటూనే ఉంటాయి. కొలిస్తే తప్ప తెలియదు. ఆస్పత్రిలో నెలకొకసారి తీసే కొలత ఒక్కటే దీనికి చాలదు. కాశీనగర్ నుంచో మోహన నుంచో బస్సులో వచ్చి, ఓపీ చీటీ వరసలో నిలబడి, లోపలికి పిలవగానే కుర్చీలో కూర్చోబెట్టి కొలిస్తే వచ్చేది ఆ క్షణపు అలసట కూడా కలిసిన అంకె. కొందరికి డాక్టరు ఎదుట కూర్చుంటేనే పెరుగుతుంది, ఇంట్లో మామూలుగా ఉంటుంది. ఇంకొందరికి తిరగబడి ఉంటుంది: ఆస్పత్రిలో 130, ఇంట్లో పొద్దున్నే 150. రెండో రకంవాళ్ళకే ముప్పు ఎక్కువ, ఎందుకంటే ఆస్పత్రి అంకె బాగుంది కాబట్టి వాళ్ళకు ఎవరూ మందు రాయరు. ఇంటి మిషన్ తన ఖరీదును రాబట్టేది ఇక్కడే.

ఇంటి కొలతకు హద్దు వేరు అన్నది గుర్తుంచుకోవాలి. ఆస్పత్రిలో 140/90 దాటితే ఎక్కువ అంటారు. ఇంట్లో ప్రశాంతంగా తీసిన సగటుకు 135/85 దాటితేనే ఎక్కువ. ఇంట్లో 138/87 వచ్చి "నూటనలభై లోపే కదా" అనుకుని ఊరుకోవడం చాలాచోట్ల జరుగుతున్న పొరపాటు.

పట్టీ సంగతి

దర్జీ టేపు ఒకటి చాలు. భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యన గుర్తు పెట్టుకోండి. చెయ్యి వదులుగా కిందికి వేలాడేసి, ఆ గుర్తు దగ్గర జబ్బ చుట్టూ టేపు పెట్టండి, బిగించొద్దు. వచ్చిన సెంటీమీటర్లు రాసుకుని షాపుకు వెళ్ళండి. టేపు లేకపోతే దారం చుట్టి, దాన్ని స్కేలు మీద పరిచినా సరిపోతుంది.

మామూలు మోడళ్ళ డబ్బాలో ఎక్కువగా 22 నుంచి 32 సెం.మీ. పట్టీ వస్తుంది. జబ్బ 34 ఉన్నా వెల్క్రో కాస్త అంటుకుంటుంది కాబట్టి షాపువాళ్ళు "సరిపోతుంది, తీసుకోండి" అంటారు. సరిపోదు. గుడ్డ లోపల గాలి నిండే సంచి ఒకటి ఉంటుంది. అది జబ్బ చుట్టుకొలతలో దాదాపు 80 శాతం చుట్టుకోవాలి, దాని వెడల్పు చుట్టుకొలతలో 40 శాతం ఉండాలి. సంచి చిన్నదైతే ఒత్తిడి లోతున ఉన్న ధమని దాకా సరిగా చేరదు. ధమనిని మూయడానికి మిషన్ అదనంగా గాలి ఎక్కిస్తుంది, ఆ అదనం అంతా మీ బీపీగా తెర మీదకు వస్తుంది. సన్నని జబ్బకు పెద్ద పట్టీ చుడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 1896లో ఇటలీ డాక్టరు రివా-రొచ్చి చేసిన తొలి పట్టీ 5 సెం.మీ. వెడల్పే ఉండేది. అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోందని 1901లోనే ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ వెడల్పు పట్టీ తెచ్చాడు. తేడా ఎంతో అంకెల్లో కావాలంటే, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2023లో ప్రచురించిన పరీక్ష ఉంది. బాగా పెద్ద పట్టీ అవసరమైన మనుషులకు మామూలు పట్టీ చుట్టి కొలిస్తే పై అంకె సగటున 19.5 ఎక్కువ వచ్చింది. ఒక సైజు పెద్దది కావాల్సినవాళ్ళకు దాదాపు 5 ఎక్కువ వచ్చింది. చిన్న పట్టీ కావాల్సినవాళ్ళకు సుమారు 4 తక్కువ వచ్చింది. అంటే బీపీ లేని లావుపాటి మనిషికి పట్టీ ఒక్కటే జీవితకాలపు మాత్రలు అంటగట్టగలదు.

అందుకని, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేట్టయితే 22 నుంచి 42 సెం.మీ. దాకా పనికొచ్చే పట్టీతో వచ్చే మోడలే తీసుకోండి, కొన్ని వందలు ఎక్కువైనా సరే. 22 కన్నా సన్నని జబ్బలున్న ముసలివాళ్ళకు చిన్న సైజు పట్టీ విడిగా తెప్పించాలి. విడి పట్టీ కొనేటప్పుడు మిషన్ కంపెనీదే, ఆ మోడలుకు చెప్పిందే కొనండి. గొట్టం చివర పిన్ను పట్టినంత మాత్రాన వేరే కంపెనీ పట్టీ పనికిరాదు. మిషన్ లోపలి లెక్క తన పట్టీని దృష్టిలో పెట్టుకునే తయారవుతుంది.

డబ్బా మీద ఏం చదవాలి

ఈ మిషన్లలో స్టెతస్కోపు పని లేదు. పట్టీలో గాలి నింపి వదిలేటప్పుడు, కొన్నింటిలో నింపేటప్పుడే, ధమని కొట్టుకోవడం వల్ల గాలిలో పుట్టే చిన్న చిన్న అదురులను మిషన్ పట్టుకుంటుంది. ఆ అదురు అన్నిటికన్నా బలంగా ఉన్న చోటు సగటు ఒత్తిడి. పై అంకె, కింది అంకె అక్కడినుంచి కంపెనీ తన సూత్రంతో లెక్కగట్టి చూపిస్తుంది. కాబట్టి లోపలి సూత్రం మనుషుల మీద పరీక్షకు నిలిచిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

డబ్బా మీద "±3" అని ఉంటుంది. దాన్ని చూసి చాలామంది మిషన్ మూడు పాయింట్లలోపే తేడా చూపిస్తుందని అనుకుంటారు. అది గాలి ఒత్తిడిని కొలిచే సెన్సరు కచ్చితత్వం మాత్రమే. మనిషి మీద వచ్చే అంకెకు అది హామీ ఇవ్వదు. మనుషుల మీద పరీక్షకు ఐఎస్ఓ 81060-2 అనే ప్రమాణం ఉంది. కనీసం 85 మంది మీద, శిక్షణ పొందిన ఇద్దరు పరిశీలకుల కొలతలతో పోల్చి, సగటు తేడా 5 దాటకూడదని అది అంటుంది. ఆ పరీక్ష నెగ్గిన మోడళ్ళ జాబితాను స్ట్రైడ్ బీపీ అనే అంతర్జాతీయ సంస్థ నెట్‌లో ఉచితంగా పెడుతుంది. కొనేముందు ఫోనులో మోడలు నంబరు కొట్టి చూడండి. కంపెనీ పేరు కలిస్తే చాలదు, నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. దానితో పాటు తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు డబ్బా మీద ఉండాలి. అది లేని వస్తువు ఎంత చవకైనా వద్దు.

అదనపు సౌకర్యాల్లో పనికొచ్చేవి మూడు. పట్టీ సరిగా చుట్టారో లేదో చెప్పే గుర్తు, గుండె లయ తప్పితే చూపించే గుర్తు, ఇద్దరి రీడింగులు వేరువేరుగా దాచుకునే వీలు. బ్లూటూత్ కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టే బదులు ఆ డబ్బుతో పెద్ద పట్టీ కొనుక్కోవడం మేలు. రీడింగులు రాసుకోవడానికి పది రూపాయల నోటు పుస్తకం చాలు. మాన్యువల్ ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లో ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత కొలిచే పద్ధతి నాలుగు వరసల్లో, తెలుగులోనో ఒడియాలోనో ఇంట్లో పెద్దలు చదవగలిగే లిపిలో రాయించి మూత లోపల అంటించండి.

మణికట్టుకు కట్టే రకం చిన్నగా ఉంటుంది, చొక్కా చెయ్యి మడవక్కర్లేదు, అందుకే బాగా అమ్ముడుపోతోంది. మేము దాన్ని సిఫారసు చెయ్యం. మణికట్టును గుండె ఎత్తులో పట్టుకోవాలి. చెయ్యి 10 సెం.మీ. కిందికి జారితే అంకె దాదాపు 8 పెరుగుతుంది, పైకి లేస్తే అంతే తగ్గుతుంది. ముసలి చేతులు అలా నిలకడగా ఉండవు. జబ్బ మరీ లావై ఏ పట్టీ పట్టని మనిషికి మాత్రం, డాక్టరుతో మాట్లాడి, అది ఆఖరి దారి. వేలు పెడితే బీపీ చెబుతామనే ఫోను యాప్‌లు, చవక చేతి గడియారాల అంకెలు వైద్యానికి పనికిరావు. పాదరసం మిషన్ల కాలం అయిపోయింది. 2013 నాటి మినమాటా ఒప్పందంలో వాటి తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపడానికి 2020 గడువు పెట్టారు. ముల్లు తిరిగే గడియారం రకానికి స్టెతస్కోపు వాడటం రావాలి, కింద పడితే ముల్లు తప్పుతుంది. ఇంటికి వద్దు.

కొలవడం

మిషన్ మంచిదే కొన్నాక వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం మనం కూర్చునే తీరులో ఉంటాయి.

కొలవడానికి అరగంట ముందు టీ, కాఫీ, బీడీ, చుట్ట, ఖైనీ, వ్యాయామం ఏవీ ఉండకూడదు. పొద్దున్నే గుడాఖుతో పళ్ళు తోముకునే అలవాటున్న ఇళ్ళలో దీన్ని మరీ గట్టిగా చెప్పాలి. అది పళ్ళపొడి కాదు, పొగాకు. తోమిన వెంటనే కొలిస్తే నాడి, బీపీ రెండూ పెరిగి కనిపిస్తాయి. తీరం వెంట పెద్దవయసు ఆడవాళ్ళకు అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం) అలవాటుంటే అదీ ఇంతే. మూత్రం బిగబట్టి కొలిస్తే 10 దాకా పెరుగుతుంది, కాబట్టి ముందు వెళ్ళి రండి.

తర్వాత వెన్ను ఆనే కుర్చీలో 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మంచం అంచున, పీట మీద, అరుగు మీద కూర్చుంటే వెన్నుకు ఆసరా ఉండదు. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి బల్ల మీదో దిండు మీదో ఆనించి, పట్టీ నడుమ గుండె ఎత్తుకు వచ్చేట్టు చూసుకోండి. చెయ్యిని గాలిలో పట్టుకుంటే కండరం బిగిసి అంకె పెరుగుతుంది. మన ఇళ్ళలో భోజనాల బల్ల లేకపోతే కుట్టు మిషన్ బల్ల, దాని మీద మడిచిన దుప్పటి సరిగ్గా ఆ ఎత్తుకు వస్తాయి.

పట్టీ చర్మం మీదే చుట్టాలి. చీర జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంటే పైకి మడవడం వల్ల అదే మరో పట్టీలా జబ్బను నొక్కుతుంది. ఆ పూటకు వదులు నైటీ వేసుకోవడమే సుఖం. చలికాలంలో కొరాపుట్ వైపు స్వెటరు మీదే చుట్టేస్తుంటారు, ఆ అంకె రాసుకోవడం దండగ. పట్టీ కింది అంచు మోచేతి మడతకు 2, 3 సెం.మీ. పైన ఉండాలి. గొట్టం మోచేతి లోపలివైపు నుంచి నడిమి వేలి దిక్కుగా రావాలి. పట్టీ కింద ఒకటి, రెండు వేళ్ళు దూరేంత వదులు చాలు. అంతకన్నా ఎక్కువ దూరితే మళ్ళీ చుట్టండి.

బటన్ నొక్కాక మాటలొద్దు. పక్కన ఉన్నవాళ్ళు "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అని అడుగుతుంటే కొలత చెడుతుంది. మాట్లాడుతూ కొలిస్తే 10 పాయింట్లు తేడా రావడం మామూలే. టీవీ కట్టేయండి.

మొదటిసారి రెండు చేతులూ కొలవండి. పై అంకెలో 10 కన్నా ఎక్కువ తేడా మళ్ళీ మళ్ళీ వస్తే, ఎక్కువ చూపిన చేతినే ఇకమీదట వాడండి. తేడా 20 దాటుతుంటే చేతి రక్తనాళంలో ఇరుకు ఉండొచ్చు, డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అది.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు వారం పాటు, పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు కొలవండి. రెండింటి మధ్య ఒక నిమిషం ఆగాలి. మొదటి రోజు అంకెలు కొత్త వల్ల ఎక్కువ వస్తాయి, వాటిని లెక్కలోంచి తీసేయండి. మిగిలిన 6 రోజుల 24 అంకెల సగటే మీ ఇంటి బీపీ. ఎక్కువొచ్చినవి వదిలేసి తక్కువొచ్చినవి మాత్రమే రాయడం ఎక్కువమంది చేసే పని. అలాంటి పుస్తకం చూసి డాక్టరు మందు తగ్గిస్తే నష్టం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. మందు స్థిరపడ్డాక ఏడాదంతా రోజూ కొలవనక్కర్లేదు. భయంతో గంటకోసారి కొలిచేవాళ్ళకు ఆ భయమే అంకెను పెంచుతుంది. వాళ్ళ మిషన్ ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉండటం మంచిది.

మిషన్ మొరాయిస్తే

తెర మీద ఈ అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన అంకె వస్తే కంగారు పడొద్దు. అంకెల అర్థం మోడలును బట్టి మారుతుంది, కారణాలు మాత్రం నాలుగైదే. గొట్టం పిన్ను పూర్తిగా లోపలికి పోలేదు, పట్టీ వదులుగా ఉంది, కొలుస్తుండగా చెయ్యి కదిలింది, గొట్టం మడతపడింది, సెల్లులు నీరసించాయి. వాటిని సరిచేసి, రెండు మూడు నిమిషాలు ఆగి మళ్ళీ నొక్కండి. గాలి ఎక్కుతూ, దిగుతూ మూడుసార్లు ప్రయత్నిస్తుంటే పట్టీ కారుతోందేమో చూడాలి. పట్టీ చుట్టిన చేతిని కదపకుండా, గొట్టం పొడవునా చెవి దగ్గర పెట్టి వింటే గాలి పోయే సన్నని చప్పుడు వినిపిస్తుంది. ఎక్కువగా గొట్టం పట్టీలో కలిసే చోటే పగులుతుంది, ఎందుకంటే గొట్టాన్ని మిషన్ చుట్టూ బిగించి చుట్టి డబ్బాలో పెడతాం. వదులుగా రెండు మెలికలు వేస్తే చాలు.

సెల్లుల్లో పొదుపు వద్దు. ఎక్కువ మోడళ్ళకు 4 పెన్సిల్ సెల్లులు పడతాయి. ఆల్కలైన్ రకమే వేయండి, నాలుగూ ఒకేసారి మార్చండి. చవక సెల్లులు కారి లోపలి స్ప్రింగుకు పచ్చటి తుప్పు పట్టిస్తాయి, ఆ తర్వాత మిషన్ పనిచేయదు. నెలల తరబడి వాడకపోతే సెల్లులు తీసి పక్కన పెట్టండి. అడాప్టరు విడిగా కొనేట్టయితే కంపెనీదే కావాలి. మన వైపు సెల్లులు మరీ ముఖ్యం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లు లేవు. సెప్టెంబరు నెలాఖరుకల్లా నాలుగు కొత్త సెల్లులు, కనీసం 15 రోజుల మాత్రలు నీరు చొరని డబ్బాలో పెట్టుకోండి.

చాలా మిషన్లు పనిచేసే వేడి 10 నుంచి 40 డిగ్రీల మధ్య. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో కొలిస్తే ఆ హద్దు దాటిపోవచ్చు. పట్టీని నీళ్ళలో ముంచి ఉతకొద్దు, తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. వెల్క్రోలో నూలు పోగులు పేరుకుంటే గాలి ఎక్కేటప్పుడు చిటపటమని ఊడిపోతుంది. పాత పళ్ళ బ్రష్షుతో దువ్వితే మళ్ళీ పట్టుకుంటుంది.

ఏడాదికొకసారి మిషన్‌ను డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళి పోల్చి చూడాలి. అదే చేతికి, ఒక నిమిషం తేడాతో, మీది ఒకసారి, వాళ్ళది ఒకసారి, మళ్ళీ మీది, మళ్ళీ వాళ్ళది. సగటు తేడా 5 లోపు ఉంటే నిశ్చింత. 10 దాటితే మార్చాల్సిందే. వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించుకోండి. సర్వీసు సెంటరు ఏ ఊళ్ళో ఉందో కొనేముందే అడగండి. మరమ్మతుకు భువనేశ్వర్‌కో విశాఖకో పంపాల్సి వస్తే, కొరియరు ఖర్చు, ఎదురుచూపు లెక్క వేసుకుంటే మన ఊళ్ళోనే మార్చి ఇచ్చే షాపులో వంద ఎక్కువైనా నష్టం లేదు.

అంకె చూశాక ఏం చెయ్యాలి

పై అంకె 180 గానీ, కింది అంకె 120 గానీ దాటితే ముందు 5 నిమిషాలు కూర్చుని మళ్ళీ కొలవండి. దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పట్టుతప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, మాట పొంతన లేకపోవడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండో కొలత కోసం ఆగొద్దు, 108కి ఫోను చెయ్యండి. ఆ నంబరు ఒడిశాలోనూ ఆంధ్రలోనూ పనిచేస్తుంది. గంజాం, గజపతి వైపు నుంచి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి అంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్ వైపువాళ్ళకు శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. లక్షణాలేవీ లేకుండా అంకె ఒక్కటే ఎక్కువుంటే అదేరోజు డాక్టరుతో మాట్లాడాలి. నిఫెడిపిన్ గొట్టం మాత్ర పగలగొట్టి నాలుక కింద వేసే పాత పద్ధతి మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకు, గుండెకు రక్తం అందక పక్షవాతం, గుండెపోటు వచ్చిన సంగతులు వైద్యులకు బాగా తెలుసు.

మాత్ర మొదలుపెట్టిన మూడో రోజుకే "తగ్గలేదు" అని డాక్టరును మార్చేవాళ్ళున్నారు. ఆమ్లోడిపిన్ ఒంట్లో పూర్తిగా స్థిరపడటానికే వారం పైన పడుతుంది. మందు మార్చాక రెండు నుంచి నాలుగు వారాలకు తీసిన సగటు చూసి నిర్ణయించాలి. అంకె బాగా వచ్చిందని మాత్ర ఆపడం ఇంకో తప్పు, బాగా వచ్చింది మాత్ర వల్లే. ఒకపూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు. ఆమ్లోడిపిన్‌తో చీలమండలు వాచినా, ఎనలాప్రిల్ లాంటివాటితో పొడిదగ్గు పట్టుకున్నా మానేయకుండా డాక్టరుకు చెబితే వేరేది ఇస్తారు. ఒడిశా ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2015 నుంచి నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు, జన ఔషధి దుకాణాల్లోనూ తక్కువ ధరకు దొరుకుతాయి.

సరిహద్దు ఇళ్ళకు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. పర్లాకిమిడిలో ఒక డాక్టరు, శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఇంకో డాక్టరు రాసిన రెండు చీటీలు ఒకే ఇంట్లో ఉంటాయి. బ్రాండు పేర్లు వేరు కాబట్టి వేరు మందులనుకుని రెండూ వేసుకుంటారు. రెండింటిలోనూ టెల్మిసార్టానే ఉండొచ్చు. రెండు స్ట్రిప్పుల వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు పక్కపక్కన పెట్టి చదవండి. ఇంటి మిషన్‌లో పై అంకె అకారణంగా 100 దగ్గర తిరుగుతుంటే, లేచి నిలబడగానే తూలుతుంటే మొదట చూడాల్సింది ఇదే. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి 3 నిమిషాల లోపు ఒకసారి కొలవండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. రాత్రి లేచినప్పుడు పడి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటివాళ్ళే. ఎండాకాలంలో చెమట ఎక్కువ పోయి బీపీ సహజంగానే కొంత తగ్గుతుంది, నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్ళకు ఆ తగ్గుదల ఇంకా ఎక్కువ.

మాత్ర వేస్తున్నా అంకె దిగకపోతే కంచంలో ఉప్పు వెతకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే అంటుంది, అంటే ఒక టీ చెంచాకన్నా తక్కువ, అన్నీ కలిపి. బరంపురం అంటేనే ఊరగాయలు, అప్పడాలు. ఊరగాయలో పదో వంతు ఉప్పే ఉందనుకున్నా, 20 గ్రాముల ముద్దలో 2 గ్రాములు వచ్చేసింది. దాని పక్కన ఉప్పు కలిపిన చద్దన్నం, కాల్చిన ఎండు చేప ఉంటే ఆ ఒక్క పూటకే రోజు కోటా అయిపోతుంది. చద్దన్నం మానక్కర్లేదు. అందులో ఉప్పు మాని ఉల్లిపాయ, నిమ్మరసం, పచ్చిమిర్చితో తింటే రుచి పోదు. ఉప్పు చేపను రెండు మూడు నీళ్ళలో నానబెట్టి పారబోస్తే కొంత ఉప్పు దిగుతుంది.

"బీపీ ఉప్పు" అని అమ్మే పొటాషియం కలిపిన ఉప్పు చాలామందికి మేలే. కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. సరిహద్దుకు అవతలే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేటల ఉద్దానం ఉంది. కారణం తేలని కిడ్నీ జబ్బుతో అక్కడ ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మన వైపు అందరికీ తెలుసు. ఆ బంధుత్వాలున్న ఇళ్ళలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోనిదే ఆ ఉప్పు కొనొద్దు. ఒళ్ళు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ బీపీనీ పెంచుతాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. మోకాళ్ళ నొప్పికి రోజూ అవి మింగుతూ బీపీ మాత్రల సంఖ్య పెంచుకుంటూ పోతున్నవాళ్ళు తక్కువేం కాదు.

ఎవరికి ఈ మిషన్ చాలదు

గుండె లయ గుర్తు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఈసీజీ తీయించుకోవాలి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉన్నవాళ్ళకు అదురు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తుంది కాబట్టి ఈ మిషన్ల అంకె నిలకడగా ఉండదు. మూడుసార్లు కొలిచి సగటు వేసినా, డాక్టరు చేత స్టెతస్కోపుతో సరిచూపించుకోవాల్సిందే. గర్భిణులకు స్ట్రైడ్ బీపీ జాబితాలో గర్భిణుల మీద విడిగా పరీక్షించినట్టు రాసి ఉన్న మోడలే కావాలి. మామూలు మోడళ్ళు కొన్ని వాళ్ళకు, ముఖ్యంగా గుర్రపువాతం (గర్భంతో ఉండగా బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముప్పు ఉన్నప్పుడు, తక్కువ చూపిస్తాయి. గర్భంతో ఉండగా ఇంట్లో 135/85 దాటినా అదేరోజు ఆశా కార్యకర్తకో ఆస్పత్రికో చెప్పాలి. 160/110 వస్తే, లేదా తలనొప్పి, కళ్ళ ముందు మిణుగురులు, పై కడుపులో నొప్పి ఉంటే రాత్రయినా బయల్దేరాలి. ఒక చేతికి డయాలిసిస్ కోసం ఫిస్ట్యులా (ధమనినీ సిరనూ కలిపిన దారి) పెట్టినవాళ్ళు ఆ చేతికి పట్టీ చుట్టకూడదు. రొమ్ము క్యాన్సరు ఆపరేషనులో చంక గడ్డలు తీసినవాళ్ళు రెండో చేతినే వాడాలి. కొలత ఏ చేతికి తీయాలో పుస్తకంలో మొదటి పేజీలో రాసి పెట్టండి, ఎందుకంటే తర్వాతిసారి కొలిచేది ఇంకొకరు కావచ్చు.